బడిఈడు పిల్లల టీకాలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో బడులు తెరిచే ముందు చేర్పించే దరఖాస్తుతో పాటు టీకాల కార్డు నకలు కూడా జతచేయమని అడిగే పాఠశాలలు పెరుగుతున్నాయి. కార్డు ఎక్కడ పెట్టారో తెలియనివారు, పెట్టినా అందులో ఏముందో చదవలేనివారు, ఐదేళ్ల సూది ఒకటి ఉందని అప్పుడే మొదటిసారి విన్నవారు ఎందరో ఉన్నారు. వారి కోసం సిద్ధం చేసిన సమాధానాలివి.

టీకాల కార్డు లేకపోతే పిల్లవాణ్ని బడిలో చేర్చుకోరా?

చేర్చుకోవాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో కూడా ఏ పిల్లవాడికీ ప్రవేశం నిరాకరించరాదని ఆ చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. విద్యా సంవత్సరం మొదలైన తరువాత వచ్చినా తిప్పి పంపకూడదని 15వ సెక్షన్ చెబుతోంది. టీకాలు వేయించుకున్నట్టు రుజువు చూపితేనే సీటు ఇవ్వాలన్న నిబంధన అందులో ఎక్కడా లేదు. దీనికి తోడు, కోవిడ్ టీకాల విషయమై దాఖలైన జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు 2022 మే 2న తీర్పునిస్తూ, రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రకారం ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని చెప్పింది. అయితే ప్రజారోగ్యం దృష్ట్యా ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు విధించవచ్చని కూడా అదే తీర్పులో ఉంది కాబట్టి, సగం మాటే పట్టుకుని వాదించడం సరికాదు.

ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలు ఆరేళ్ల లోపువారు గనుక, అక్కడ ప్రైవేటు యాజమాన్యాలు తమ దరఖాస్తులను తమకు తోచినట్టు తయారుచేసుకుంటాయి. మా అభిప్రాయం ఇది: బడివారు కార్డు అడగడం మంచి పని, కార్డు లేదని పిల్లవాణ్ని గుమ్మంలోనే ఆపడం తప్పు. కార్డు లేని పిల్లవాణ్ని ముందు తరగతిలో కూర్చోబెట్టి, ఆ తరువాత తల్లిని ఏఎన్ఎం (ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) దగ్గరకు పంపాలి.

చట్టం అడగనప్పుడు బడి ఎందుకు అడగాలి?

తట్టు వైరస్ గాలిలో రెండు గంటల వరకు నిలిచి ఉండగలదు. రోగి గదిలోంచి వెళ్లిపోయిన తరువాత లోపలికి వచ్చినవారికి కూడా అది అంటుకోవచ్చు. రక్షణ లేనివారు పదిమంది దాని దగ్గరకు వస్తే తొమ్మిదిమంది వరకు జబ్బు పడతారు. ఒక బెంచీ మీద నలుగురు కూర్చునే తరగతి గదిలో దీని అర్థమేమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. ఇక కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు విషయంలో, చంటితనంలో పడిన టీకాల బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఆ తగ్గుదల సరిగ్గా బడిలో చేరే వయసులోనే మొదలవుతుంది కాబట్టి బూస్టర్‌ను కూడా ఆ వయసుకే పెట్టారు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఏడాదిన్నర వరకు బిడ్డ పేరు ఆశా కార్యకర్త పుస్తకంలో కళ్లెదుటే ఉంటుంది. ఆ తరువాత మళ్లీ పిల్లలందరూ ఒకేచోట, పేర్ల పట్టికతో సహా దొరికేది బడిలోనే.

బడిలో చేరేనాటికి ఏయే టీకాలు పడి ఉండాలి?

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇవన్నీ ఉచితం. పుట్టగానే బీసీజీ (క్షయ టీకా), పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి సూది వేస్తారు. ఆ తరువాత 6, 10, 14 వారాలకు పోలియో చుక్కలు, పెంటావలెంట్, రోటావైరస్ చుక్కలు ఇస్తారు. పెంటావలెంట్ ఒక్క సూదిలోనే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే క్రిమి) అనే ఐదింటికి రక్షణ ఉంటుంది. 6, 14 వారాలప్పుడు వీటితో పాటు న్యుమోనియాను నివారించే పీసీవీ, చర్మం పైపొరలో కొద్ది మోతాదులో వేసే పోలియో సూది కూడా ఉంటాయి. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా మొదటి డోసు, పీసీవీ బూస్టర్, పోలియో సూది మూడో డోసు, విటమిన్-ఎ మొదటి మోతాదు ఇస్తారు. పోలియో సూది మూడో డోసు 2023 జనవరి నుంచి మొదలైంది కాబట్టి అంతకు ముందే ఆ వయసు దాటిన పిల్లల కార్డులో అది కనిపించకపోతే కంగారు పడనక్కరలేదు. 16 నుంచి 24 నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) మొదటి బూస్టర్, పోలియో చుక్కల బూస్టర్ పడాలి. మెదడువాపు వ్యాధి ప్రభావిత జిల్లాలుగా గుర్తించిన చోట 9 నెలలకు, 16-24 నెలలకు జేఈ టీకా కూడా వేస్తారు. విటమిన్-ఎ ఆరు నెలలకొకసారి చొప్పున ఐదేళ్లు నిండేలోగా మొత్తం తొమ్మిది మోతాదులు.

ఇంత పొడవైన పట్టిక గుర్తుంచుకోవలసిన అవసరం తల్లిదండ్రులకు లేదు. కార్డులో తేదీ లేని గడి ఎక్కడైనా ఉందా అని ఒక్కసారి వేలు పెట్టి చూసుకుంటే చాలు.

ఐదేళ్ల సూది అంటే ఏమిటి? అది ఎందుకు ఇంత తరచుగా తప్పిపోతుంది?

అది డీపీటీ రెండో బూస్టర్. 5 నుంచి 6 ఏళ్ల మధ్య భుజానికి వేస్తారు. మొత్తం పట్టికలో అన్నింటికంటే ఎక్కువగా మరుగున పడేది ఇదేనని ఏ ఏఎన్ఎంను అడిగినా చెబుతుంది. ఏడాదిన్నరకు, ఈ సూదికి మధ్య మూడున్నరేళ్ల ఖాళీ ఉంటుంది. ఆ లోపు తల్లి పనికి వెళ్లడం మొదలుపెడుతుంది, కార్డు బీరువాలో చీరల కిందికి చేరుతుంది, పిల్లవాడు అంగన్‌వాడీ నుంచి ప్రైవేటు ఎల్‌కేజీకి మారి పాత జాబితాలోంచి తప్పుకుంటాడు. కలిగిన కుటుంబాల పిల్లలకు ఇది తప్పిపోదనుకోవడం కూడా పొరపాటే. పిల్లల డాక్టరు దగ్గర మొదటి ఏడాదంతా క్రమం తప్పకుండా వేయించినవారు సైతం ఆ తరువాత జ్వరం వస్తేనే ఆసుపత్రి గడప తొక్కుతారు.

ఇది పోగొట్టుకోదగిన సూది కాదు. కంఠసర్పిలో గొంతు లోపల బూడిద రంగు పొర కట్టి ఊపిరాడకుండా చేస్తుంది. ఆ క్రిమి విడుదల చేసే విషం గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. జబ్బు ముదిరాక ఇవ్వవలసిన విషవిరుగుడు మందు అన్ని ఆసుపత్రుల్లోనూ దొరికేది కాదు. ఇదంతా అరచేతిలో కనిపించే ఒక చిన్న సూదితో తప్పేదే.

ఏడేళ్లు నిండితే డీపీటీ వేయరు. దాని బదులు టీడీ వేస్తారు. టీడీలో ధనుర్వాతం, కంఠసర్పి భాగాలు ఉంటాయి గాని కోరింత దగ్గు భాగం ఉండదు. అందుకే ఒకటో తరగతిలో ఉండగానే డీపీటీ వేయించడం మేలు.

ఐదో తరగతిలోనూ, పదో తరగతిలోనూ బడిలోనే సూది వేస్తారట. అది ఏమిటి?

పైన చెప్పిన టీడీయే. 10 ఏళ్లకు ఒకటి, 16 ఏళ్లకు ఒకటి. ఇంతకు ముందు ఇదే వయసుకు ధనుర్వాతానికి మాత్రమే పనిచేసే టీటీ వేసేవారు. కంఠసర్పి రక్షణ పెద్ద పిల్లల్లోనూ తగ్గుతోందని గుర్తించి టీటీ స్థానంలో టీడీని తెచ్చారు.

టీకా రోజున ఒక్క సంగతి జాగ్రత్త. పదీ పదహారేళ్ల పిల్లలు, ముఖ్యంగా ఏమీ తినకుండా వరుసలో నిలబడినవారు, సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోవడం కద్దు. ఒకరు పడితే వెనుక ఉన్న ఇద్దరు ముగ్గురికి అదే అవుతుంది. అది మందు చెడు ఫలితం కాదు, భయం వల్ల వచ్చేది. కాని మరునాడు ఊరంతా "ఫలానా బడిలో సూది వికటించింది" అన్న మాటే తిరుగుతుంది. ఈ గొడవ రాకుండా ఉండాలంటే పిల్లలు పొద్దున్నే తిని రావాలి లేదా మధ్యాహ్న భోజనం అయ్యాక సూది పెట్టాలి. సూది వేసేటప్పుడు బెంచీ మీద కూర్చోబెట్టాలి. వేసే గదిలోకి ఒక్కొక్కరినే పిలిచి, వేయించుకున్నవారిని వేరే గదిలో అరగంట కూర్చోబెట్టాలి. ఇవన్నీ ప్రధానోపాధ్యాయుల చేతిలో ఉన్న పనులే.

కార్డు పోయింది. ఇప్పుడు ఏం చేయాలి?

మన వైపు తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం కాబట్టి, చాలామంది పిల్లల విషయంలో సమాధానం తల్లి పుట్టింటి ఊళ్లోనే ఉంటుంది. అత్తవారిల్లు కావలి, పుట్టిల్లు కనిగిరి అయిన తల్లి తన బిడ్డ మొదటి మూడు నాలుగు నెలల టీకాలు కనిగిరి వైపు వేయించి, ఆ తరువాతవి కావలిలో వేయించి ఉంటుంది. కావలి రిజిస్టరులో మొదటి గడులు ఖాళీగా కనిపించడం చూసి టీకాలు వేయలేదని అనుకుంటారు. నిజానికి అవి ఇంకో మండలంలో నమోదై ఉంటాయి.

కాబట్టి ముందుగా గర్భిణిగా పేరు నమోదైన ఊళ్లోని ఏఎన్ఎంను అడగాలి. గర్భిణిగా నమోదైనప్పుడు ఇచ్చిన ఆర్‌సీహెచ్ నంబరు ఎక్కడైనా రాసి ఉంటే వెతకడం తేలిక. పాత స్కానింగు కాగితాల మీద, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం మీద అది కనిపించే అవకాశం ఉంది. ఈమధ్య పుట్టిన పిల్లల వివరాలు యూ-విన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ టీకాల పోర్టల్‌లో నమోదవుతున్నాయి. నమోదు చేసిన ఫోను నంబరుతో అందులోంచి ధ్రువపత్రం తీసుకోవచ్చు. అందుకే రీఛార్జి అయిపోయిందని సిమ్ మార్చేసేవారు కొత్త నంబరు ఏఎన్ఎంకు చెప్పడం మంచిది. ప్రైవేటు ఆసుపత్రిలో వేయించినవారు అక్కడి ఫైలు అడగాలి.

ఎక్కడా దొరకకపోతే? "వేసినట్టే గుర్తు" అన్న మాట మీద ఆధారపడకూడదు. రుజువు లేని టీకాను వేయనిదిగానే భావించి వయసుకు తగినవి మళ్లీ వేస్తారు. తట్టు-రుబెల్లా వంటివి ఒక డోసు ఎక్కువైనందువల్ల హాని లేదు. బీసీజీకి మాత్రం ఎడమ భుజం మీది మచ్చ చూసి ఎక్కువగా గుర్తుపడతారు. మచ్చ లేకపోయినా, వేసినట్టు కార్డులో రాసి ఉంటే మళ్లీ వేయవలసిన పని లేదు.

కొత్త కార్డు చేతికి రాగానే ఫోనులో రెండు వైపులా ఫొటో తీసుకోండి. అందులోని నీలి సిరా రెండు వానాకాలాలకు కారిపోతుంది.

మధ్యలో కొన్ని డోసులు తప్పాయి. మళ్లీ మొదటి నుంచి వేయించాలా?

అక్కరలేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగిస్తారు. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాల ఎడం చూస్తారు. అయితే కొన్ని టీకాలకు వయసు హద్దు ఉంది. ప్రభుత్వ కార్యక్రమంలో బీసీజీ ఏడాది వరకే. పెంటావలెంట్, రోటావైరస్ కూడా ఏడాదిలోపు మొదలుపెట్టవలసినవే. ఏడాది దాటినవారికి పెంటావలెంట్ బదులు డీపీటీ వేస్తారు. అది ఏడేళ్ల వరకు వేయవచ్చు. పోలియో చుక్కలు, తట్టు-రుబెల్లా ఐదేళ్ల వరకు ఇస్తారు. ఐదేళ్లు దాటిన బిడ్డకు తట్టు-రుబెల్లా పడలేదని తెలిస్తే ఊరుకోకుండా పీహెచ్‌సీ వైద్యాధికారిని కలవండి. ప్రైవేటులో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) వేయించుకునే దారి కూడా ఉంది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ బడుల్లోనూ, ఆరోగ్య కేంద్రాల్లోనూ తట్టు-రుబెల్లా సూది వేశారు. అప్పటి పిల్లలు ఇప్పుడు పెద్ద తరగతుల్లోనో, కళాశాలల్లోనో ఉన్నారు. వారి చేతికి అప్పుడు ఇచ్చిన చిన్న కార్డు కూడా రుజువుగా పనికొస్తుంది.

ప్రతిసారీ పల్స్ పోలియో చుక్కలు వేయించాం. అవి చాలవా?

చాలవు. పల్స్ పోలియో ఆదివారాల్లో వేసే చుక్కలు మామూలు పట్టికలోని డోసులకు అదనం. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న భారత్‌కు పోలియో రహిత ధ్రువీకరణ లభించింది. ఆ స్థితి నిలవాలంటే రెండూ జరగాలి.

ప్రభుత్వ సూదికి జ్వరం వస్తుంది, ప్రైవేటు సూదికి రాదు అంటారు. ఏది మంచిది?

ప్రైవేటులో "నొప్పి లేని సూది"గా పిలిచేది కోరింత దగ్గు క్రిమి మొత్తాన్ని కాక, అందులోని కొన్ని భాగాలను మాత్రమే వాడి తయారుచేసినది. ప్రభుత్వం వాడేది పూర్తి కణంతో చేసినది. మొదటి రకంలో జ్వరం, వాపు తక్కువ అన్నది నిజం. దాని రక్షణ కొంత త్వరగా తగ్గుతుందన్నది కూడా అంతే నిజం. ఒక రాత్రి జ్వరం తప్పించడం కోసం వేలు ఖర్చు పెట్టి, ఆ ఖర్చు భయంతోనే తరువాతి డోసును వాయిదా వేసే కుటుంబాలకు ప్రభుత్వ సూదే మేలని మా మాట. స్తోమత ఉండి, తేదీలు తప్పకుండా వేయించేవారు ఏ రకమైనా వేయించుకోవచ్చు. ఎక్కడ వేయించినా ఆ వివరం ఒకే కార్డులో చేరేలా చూసుకోండి.

జలుబు, దగ్గు ఉంటే టీకా వేయించవచ్చా?

వేయించవచ్చు. మామూలు జలుబు, కొద్దిపాటి విరేచనాలు, పిల్లవాడు బక్కగా ఉండడం, ఇవేవీ అడ్డం కావు. ఆసుపత్రిలో చేర్చవలసినంత జబ్బు ఉంటే తగ్గే వరకు ఆగాలి. ఇంతకు ముందు అదే టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే మళ్లీ వేయకూడదు. క్యాన్సర్ మందులు, అధిక మోతాదులో స్టెరాయిడ్లు వాడుతున్న పిల్లలకు తట్టు-రుబెల్లా వంటి సజీవ టీకాలు డాక్టరు చెప్పకుండా వేయరాదు. అలాంటి పిల్లలు తరగతిలో ఒకరున్నా, వారికి కాపుదల చుట్టూ ఉన్న పిల్లల టీకాలే.

సూది వేశాక ఏం చూసుకోవాలి?

అరగంట అక్కడే కూర్చోండి. పనికి ఆలస్యమవుతుందని వెళ్లిపోవద్దు. అరుదుగా వచ్చే తీవ్ర అలర్జీ ఏదైనా ఉంటే ఆ కొద్దిసేపట్లోనే బయటపడుతుంది, దానికి మందు ఏఎన్ఎం దగ్గర ఉంటుంది. ఇంటికి వచ్చాక ఒకటి రెండు రోజులు జ్వరం, సూది చోట గట్టిపడడం, చిరాకు ఉండవచ్చు. ఏఎన్ఎం చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వండి. వాపు మీద తడిగుడ్డ వేయవచ్చు. నూనె మర్దనా, కాఫీ పొడి, వేడి కాపడం వద్దు. బీసీజీ చోట కొన్ని వారాలకు చిన్న పుండై, దానంతట అదే మానుతుంది. అది సహజం. మూర్ఛ, ఆగని ఏడుపు, మూడో రోజుకూ తగ్గని జ్వరం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, టీకా ఎప్పుడు వేశారో కూడా చెప్పండి.

ఇంట్లో ఒక బిడ్డకు అమ్మవారు పోసింది. మిగతా పిల్లలను బడికి పంపవచ్చా?

తట్టునూ, ఆటలమ్మనూ మనవాళ్లు అమ్మవారనే పిలుస్తారు. వేపాకు కట్టినా, చల్లని నీళ్లు చల్లినా, వడపప్పు పెట్టినా ఎవరికీ అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా ఆ మాట గుట్టుగా ఉంచి ఏఎన్ఎంకు చెప్పకపోవడం మీదే. జ్వరంతో పాటు దద్దు వచ్చిన ప్రతి బిడ్డ సంగతీ ఆరోగ్య శాఖకు తెలియాలి. అవసరమైతే రక్త నమూనా తీసి అది తట్టా, రుబెల్లానా తేలుస్తారు. తట్టు అయితే ఏడాది దాటిన బిడ్డకు వరుసగా రెండు రోజులు విటమిన్-ఎ మోతాదు ఇస్తారు. కంటి చూపుకు, ప్రాణానికి కూడా అది రక్ష. డాక్టరుకు చూపితే అమ్మవారికి కోపం వస్తుందన్న భయంతో ఈ రెండు మోతాదులు పోగొట్టుకోవద్దు.

జబ్బుపడిన బిడ్డను మాత్రం బడికి పంపకూడదు. తట్టు అయితే దద్దు కనిపించిన తరువాత నాలుగు రోజులు, గవదబిళ్లలు అయితే వాపు మొదలయ్యాక ఐదు రోజులు, ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టే వరకు ఇంట్లోనే ఉంచాలి. టీకాలు పూర్తయి ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువులు బడికి వెళ్లవచ్చు. పూర్తికానివారిని ఆ రోజే ఏఎన్ఎంకు చూపించాలి.

పనికోసం ఊళ్లు మారుతుంటాం. టీకాలు ఎక్కడ వేయించాలి?

ఎక్కడుంటే అక్కడ. ఇటుక బట్టీల దగ్గరున్నా, రొయ్యల చెరువుల కాపలాకు వచ్చినా, చీమకుర్తి క్వారీల్లో పనిచేసే ఇతర రాష్ట్రాలవారైనా, ప్రకాశం జిల్లా పడమటి మండలాల నుంచి హైదరాబాద్, బెంగళూరు మేస్త్రీ పనులకు వెళ్లినా, టీకాకు ఆ ఊరి రేషను కార్డు గాని ఆధార్ చిరునామా గాని అడ్డం కాదు. తడ, సూళ్లూరుపేట వైపువారు చెన్నైలో వేయించిన టీకా ఇక్కడా, ఇక్కడ వేయించినది అక్కడా చెల్లుతుంది. మెదడువాపు టీకా వంటివి తప్పిస్తే వేసే పట్టిక దేశమంతటా దాదాపు ఒకటే. వలస వెళ్లేటప్పుడు గిన్నెలతో పాటు కార్డు కూడా మూటలో ఉండాలి. నల్లమల అంచు చెంచు గూడేల్లో, సముద్రపు ఒడ్డున పట్టపుపాలేల్లో, యానాది కాలనీల్లో పుట్టిన తేదీ కూడా రాసి లేని పిల్లలు కనిపిస్తారు. వారి విషయంలో ఉపాధ్యాయులే చొరవ చూపి, కార్డు అడిగే ముందు కార్డు పుట్టించే పని చేస్తే బాగుంటుంది.

పిల్లలను అమెరికా తీసుకెళ్తున్నాం. అక్కడి బడులకు మన కార్డు సరిపోతుందా?

పూర్తిగా సరిపోదు. ఇక్కడి మాదిరి కాకుండా అక్కడ బడిలో చేరడానికి టీకాలు చట్టప్రకారమే తప్పనిసరి, నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. కాలిఫోర్నియాలో 2016 జూలై 1 నుంచి సొంత నమ్మకాల పేరిట మినహాయింపు కూడా తీసేశారు, వైద్య కారణాలకు మాత్రమే మినహాయింపు. మన పిల్లలు ఎక్కువగా చిక్కుకునేవి మూడు చోట్ల.

మొదటిది, తట్టు. వారు లెక్కలోకి తీసుకునేది మొదటి పుట్టినరోజు తరువాత వేసిన డోసులనే. మనం తొమ్మిది నెలలకు వేసే మొదటి డోసు ఎంత పక్కాగా కార్డులో ఉన్నా అక్కడ చెల్లదు. పైగా మన సూదిలో గవదబిళ్లల భాగం ఉండదు, వారు అడిగేది ఆ మూడూ ఉన్న ఎంఎంఆర్. ప్రయాణానికి కొన్ని నెలల ముందే నాలుగు వారాల ఎడంతో రెండు ఎంఎంఆర్ డోసులు ఇక్కడే వేయించుకుంటే అక్కడ ఖర్చూ, పరుగులూ తప్పుతాయి.

రెండోది, పోలియో. 2016 ఏప్రిల్‌లో మన దేశం మూడు రకాల చుక్కల నుంచి రెండు రకాల చుక్కలకు మారింది. అందుచేత ఆ తరువాత వేసిన చుక్కలను అమెరికాలో లెక్కించరు. పూర్తి మోతాదు పోలియో సూదులు ఎన్ని పడ్డాయో పిల్లల డాక్టరుతో చూపించుకోవాలి.

మూడోది, ఆటలమ్మ టీకా. మన ప్రభుత్వ పట్టికలో అది లేదు, అక్కడి బడులు అడుగుతాయి. మనం వేయించిన డీపీటీ, హెపటైటిస్-బి మాత్రం అక్కడ చెల్లుతాయి. క్షయ పరీక్ష అడిగితే, బీసీజీ పడిన పిల్లలకు చర్మ పరీక్షలో తప్పుగా పాజిటివ్ రావచ్చు గనుక రక్త పరీక్ష చేయమని కోరండి.

కార్డును డాక్టరు లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాయించుకునేటప్పుడు నెలను అంకెలో కాక పేరుతో రాయించండి. 05-09 అని ఉంటే మనకు అది సెప్టెంబరు 5, వారికి మే 9. ఒక డోసు చెల్లడానికీ చెల్లకపోవడానికీ ఆ నాలుగు నెలలే తేడా కావచ్చు.

కోవిడ్, టైఫాయిడ్, ఆటలమ్మ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాలు బడికి తప్పనిసరా?

కావు. 2022లో 12 ఏళ్లు దాటిన పిల్లలకు వేసిన కోవిడ్ టీకా కూడా స్వచ్ఛందమే. టైఫాయిడ్, ఆటలమ్మ టీకాలు పిల్లల డాక్టర్లు సూచించేవి. తాగునీటి బాధ ఉన్న ఊళ్లలో టైఫాయిడ్ టీకా గురించి ఆలోచించడం సమంజసం. క్యాన్సర్ నివారణ టీకా ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే ఎక్కువ ఫలితం. ప్రైవేటు హాస్టళ్లలో ఈ జాబితా అంతా కలిపి "తప్పనిసరి" అని ముద్రిస్తే, ఏది ప్రభుత్వ పట్టికలోనిది, ఏది కాదో అడిగి తెలుసుకునే హక్కు మీకుంది.

టీకాకు వెళ్తే "వచ్చే వారం రండి" అని పంపించారు. ఇది సబబేనా?

మన రాష్ట్రంలో టీకాలు సాధారణంగా బుధ, శనివారాల్లో వేస్తారు. ఏ ఊళ్లో ఏ వారం అన్నది ఏఎన్ఎం కార్యక్రమ పట్టికను బట్టి ఉంటుంది. తట్టు-రుబెల్లా, బీసీజీ సీసాలు పొడి రూపంలో వస్తాయి. ద్రావకం కలిపిన తరువాత నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది గనుక, ఒక్క బిడ్డే వచ్చినప్పుడు కొందరు సీసా తెరవడానికి వెనుకాడతారు. అయినా సరే, వచ్చిన బిడ్డను వెనక్కి పంపరాదు, ఒక్కరి కోసమైనా సీసా తెరవాలన్నదే నియమం. ఆ మాట మర్యాదగానే గుర్తుచేయండి. పెంటావలెంట్, డీపీటీ, టీడీ సీసాలకు ఈ బాధ లేదు. సరైన చల్లదనంలో ఉంచితే తెరిచిన తరువాత కూడా 28 రోజుల వరకు వాడుకోవచ్చు కాబట్టి, ఐదేళ్ల సూదికి వెళ్లినవారిని ఈ కారణంతో తిప్పి పంపడానికి అసలు వీల్లేదు. ముందురోజు సాయంత్రం ఏఎన్ఎంకో, ఆశా కార్యకర్తకో ఫోను చేసి బిడ్డ వయసు, వేయవలసిన టీకా పేరు చెప్పి వెళ్తే, ఐస్‌ప్యాకుల పెట్టెలో ఆ సీసా కూడా పెట్టుకుని వస్తారు.